గేదెలు పట్టాలెక్కుతున్నాయి, పైపుల గ్రిడ్డు పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది బాపట్ల జిల్లాలో రైలు పట్టాలను ఆనుకుని ఉన్న ఊరు. ఇళ్లన్నీ పట్టాలకు పడమర వైపు, చెరువు, బీడు భూములు తూర్పు వైపు. తరతరాలుగా మా పశువులు పట్టాలు దాటే మేతకు వెళ్తున్నాయి. ఇప్పుడు మూడో లైను వచ్చింది, రైళ్ల వేగం పెరిగింది. ఏడాది తిరగకుండా మూడు గేదెలు పోయాయి. మళ్లీ జరిగితే యజమానుల మీద కేసు పెడతామని రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) వాళ్లు చెప్పి వెళ్లారు. రైల్వే వేసిన కంచెను నడక కోసం మా వాళ్లే రెండు చోట్ల తెంచుకున్నారు. పశువులు ఆ సందుల్లో నుంచే పోతున్నాయి. పాత గేటు తీసేసి కట్టిన అండర్ బ్రిడ్జి ముప్పావు కిలోమీటరు దూరంలో ఉంది కానీ, వానాకాలంలో అందులో మోకాలి లోతు నీళ్లు. విదేశాల్లో నేల మీద ఇనుప పైపులు వరుసగా పరిచి పశువులను ఆపడం మా అబ్బాయి ఫోనులో చూపించాడు. చందాలు వేసుకుని ఆ సందుల దగ్గర అలాంటిది పెట్టుకోవచ్చా? మా పెద్దలు మాత్రం మెడకు గుదికర్రలు కడితే చాలంటున్నారు.
– ఒక పాడి రైతు

సమాధానం: పైపుల గ్రిడ్డు మంచి ఏర్పాటే. కానీ మీరు పెడదామనుకున్న చోట పనికిరాదు. గుదికర్ర మాత్రం మీ ఊళ్లో ఎక్కడా వద్దు.

ముందు గుదికర్ర సంగతి. చేలల్లో పడి మేసే పొగరుబోతు ఆవుకు మెడలో కర్ర వేలాడదీస్తే అది ముందరి కాళ్లకు తగులుతూ పరుగెత్తనివ్వదు. పైరు కాపాడుకోవడానికి అది సరే. పట్టాల పక్కన లెక్క తలకిందులవుతుంది. పశువు పట్టాలెక్కకుండా కర్ర ఆపలేదు, ఎందుకంటే అది నెమ్మదిగా నడిచే ఎక్కుతుంది. ఎక్కిన తరువాత రైలు కూత విని దిగిపోవాల్సిన క్షణంలో మాత్రం కచ్చితంగా అడ్డుపడుతుంది. కంకర మీద, స్లీపర్ల మధ్య ఆ కర్ర ఇరుక్కుంటే ఇక చెప్పేదేముంది! ముందరి కాళ్లకు బంధం వేసి వదలడం కూడా ఇంతే. పట్టాలకు దగ్గరలో మేపే పశువుకు కాళ్లూ మెడా స్వేచ్ఛగా ఉండాలి. లేదంటే గుంజకు కట్టి ఉండాలి. మధ్యస్థంగా ఏదీ పనికిరాదు.

ఒక గేదె కోసం రైల్వే వాళ్లు ఇంత హడావుడి ఎందుకు చేస్తున్నారని మీ ఊళ్లో అనుకుంటూ ఉండవచ్చు. 1995 ఆగస్టు 20 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ దగ్గర కాళిందీ ఎక్స్‌ప్రెస్ ఒక పశువును గుద్దింది. బ్రేకులు దెబ్బతిని రైలు అక్కడే నిలిచిపోయింది. వెనక వస్తున్న పురుషోత్తం ఎక్స్‌ప్రెస్ వచ్చి దాన్ని ఢీకొట్టింది. 300 మందికి పైగా చనిపోయారు. సిగ్నళ్ల దగ్గర మనుషుల తప్పు కూడా అందులో ఉంది, నిజమే. కానీ మొదలు మాత్రం పట్టాల మీద నిలబడిన ఒక పశువు. అంతకు ముందు 1984 జులై 30న స్కాట్లాండ్‌లోని పోల్మాంట్ దగ్గర ఒక రైలు ఆవును గుద్ది పట్టాలు తప్పింది, 13 మంది ప్రాణాలు పోయాయి. ఇంజను వెనక నుంచి తోస్తుంటే తేలికైన పెట్టె ముందు నడుస్తున్న రైలది. ఆవు కళేబరం చక్రాల కిందికి వెళ్లగానే ఆ పెట్టె లేచిపోయింది. ఆ ఆవు లోపలికి ఎలా వచ్చిందో తెలుసా? ఎవరో పాడుచేసిన కంచె సందులో నుంచి. మీ ఊరివాళ్లు తెంచుకున్న రెండు సందులను ఈ కళ్లతో చూడండి.

గుద్దిన ప్రతిసారీ రైలు పట్టాలు తప్పదు. ఎక్కువసార్లు జరిగేది ఏమిటంటే, కొమ్ములో ఎముకలో తగిలి అడుగున ఉండే బ్రేకు గొట్టాలు ఊడిపోతాయి, గాలి పోయి బ్రేకులు వాటంతట అవే పడతాయి, రైలు నడిమధ్యలో ఆగిపోతుంది. 2022 సెప్టెంబరులో దక్షిణ మధ్య రైల్వే మీ విజయవాడ–గూడూరు మార్గంతో సహా కొన్ని మార్గాల్లో వేగాన్ని గంటకు 130 కిలోమీటర్లకు పెంచింది. ఆ వేగంలో లోకో పైలట్ గేదెను చూసి అత్యవసర బ్రేకు వేసినా, రైలు ఆగేసరికి దాదాపు కిలోమీటరు దూరం పోతుంది. అంటే అతను చేయగలిగింది కూత వేయడం ఒక్కటే. మీ కాపరులు నమ్ముకునే రైలు వేళలు కూడా ఇప్పుడు పనికిరావు. గూడ్సు బండికి మీకు తెలిసే వేళ ఉండదు. మూడు లైన్లు ఉన్నప్పుడు ఏ లైను మీద ఏ వైపు నుంచి వస్తుందో చెప్పలేము. పాత బొగ్గు ఇంజను లాగా కరెంటు ఇంజను దూరం నుంచి చెప్పి రాదు.

కేసు సంగతి బెదిరింపు కాదు. 2022 అక్టోబరు 6న అహ్మదాబాద్ దగ్గర వట్వా, మణినగర్ స్టేషన్ల మధ్య వందే భారత్ గేదెల మందను గుద్దినప్పుడు, యజమానులు ఎవరో తెలియకుండానే ఆర్పీఎఫ్ వారి మీద కేసు పెట్టింది. 1989 రైల్వే చట్టంలోని 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్లడం నేరం. ఇప్పుడు పశువుల చెవులకు 12 అంకెల ట్యాగులు ఉంటున్నాయి కాబట్టి యజమాని ఎవరో తెలుసుకోవడమూ పెద్ద పని కాదు. అలాగని ట్యాగు పీకేయకండి, అది లేకపోతే బీమా డబ్బు రాదు.

ఇక పైపుల గ్రిడ్డు. ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ పెట్టాలో మీకే అర్థమవుతుంది. దారికి అడ్డంగా అడుగున్నర లోతు గుంట తవ్వి, దాని మీద గుండ్రటి ఇనుప పైపులను నాలుగైదు అంగుళాల సందుతో పరుస్తారు. గిట్టలున్న జంతువుకు దాని మీద కాలు నిలవదు. పైపు మీద జారుతుంది, సందులో దిగబడుతుంది. పైగా పశువుకు నేల మీది లోతును అంచనా వేయడం కష్టం. వెలుగు, నీడ చారలుగా కనిపించగానే ముందు కాలు వేయడానికి జంకుతుంది. అందుకే అసలు కాలు పెట్టి చూడకుండానే వెనక్కి తిరుగుతుంది. ఆటో, ట్రాక్టర్, మోటార్ సైకిల్ మాత్రం ఆగకుండా పోతాయి. గేటు తీయడం, వేయడం అనే బాధ లేదు. 19వ శతాబ్దంలోనే అమెరికాలో రైలు మార్గాలకు రోడ్లు అడ్డంగా వచ్చే చాలాచోట్ల ఇలాంటివి కట్టేవారు. రోడ్డు దాటే పశువు అక్కడి నుంచి పక్కకు తిరిగి పట్టాల వెంబడి నడిచిపోకుండా, పట్టాల మధ్య, వాటికి అటూ ఇటూ మొన పైకి ఉండే చెక్కలు బిగించి, రెండు పక్కలా రెక్కల్లాగా కంచె కట్టేవారు.

గ్రిడ్డు కట్టాలంటే నడక దిశలో ఎనిమిది అడుగులకు తగ్గకూడదు. తక్కువైతే భయపడిన పశువు ఒక్క దూకున దాటేస్తుంది. చదునైన పట్టీలు వేస్తే ఖర్చు తగ్గుతుందని వెల్డరు చెబుతాడు, వినకండి, చదునైన వాటి మీద పశువు నడవడం నేర్చుకుంటుంది. గుంటలో ఏటా మట్టి, ఆకులు నిండుతాయి. తీయకపోతే మూడో ఏడాదికి అది మామూలు దారి అయిపోతుంది. దూడ కాలు పైపుల సందులో పడి విరిగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకని గ్రిడ్డు పక్కనే పశువులను తోలుకుపోవడానికి ఒక గేటు తప్పనిసరి. మీ ఊళ్లో ఇంకా ఎడ్లబండ్లు ఉంటే ఆ గేటు లేకుండా అవి కదలనే కదలవు. ఫోనులో చూపించే వీడియోల్లో ఈ గేటు కనిపించదు.

మీరు అడిగిన సందులు మనుషులు నడిచేవి, వాహనాలు పోయేవి కావు. తలమీద గడ్డిమోపుతో వచ్చే ఆడవాళ్లు వాన పడిన రోజున తడి పైపుల మీద కాలు పెడితే ఏమవుతుంది? పశువు కంటే ముందు మనిషే పడతాడు. అసలు మాట ఇంకొకటి ఉంది. ఆ సందులు రైల్వే స్థలంలో ఉన్నాయి. సరిహద్దు రాళ్లకు అవతల మీరు ఒక పార కూడా వేయకూడదు. చందాలతో కట్టిన ఇనుము పట్టాల దగ్గర ఉంటే అది మీ మీద ఇంకో కేసు అవుతుంది. పైగా మూడు లైన్లు దాటే నడకదారిని మీరే పక్కాగా కట్టుకున్నట్లు అవుతుంది, పశువులతో పాటు మనుషులు కూడా పోతారు. ఆ రెండు సందులను మూసేయమని మీ పంచాయతీయే రైల్వేను అడగాలి. చేదుగా ఉన్నా చెప్పక తప్పదు.

మూసేస్తే నడిచేది ఎటు అని మీరు అడుగుతారు. నా దృష్టిలో మీ సమస్య అంతా అండర్ బ్రిడ్జిలో నిలిచిన నీళ్లలో ఉంది. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లన్నీ ఎత్తేశారు. చాలా చోట్ల వాటి బదులు తక్కువ ఎత్తు అండర్ బ్రిడ్జీలు వచ్చాయి. ఆలోచన మంచిదే, ప్రాణాలు దక్కాయి. కానీ నేల మట్టం కంటే కిందికి తవ్విన దారిలో నీళ్లు నిలవకుండా ఉంటాయా? తోడే ఏర్పాటు లేని చోట జనం మళ్లీ పట్టాలెక్కారు, వారి వెనక పశువులు కూడా. పశువు మొండిది కాదు. అవతల నీళ్లు, పచ్చిక ఉన్నాయని దానికి తెలుసు. దారి చూపకుండా అడ్డు మాత్రమే పెడితే, ఎంత గట్టి కంచెనైనా గేదె మెడతో నెట్టుకుపోతుంది. దారి ఉంటే చిన్న అడ్డు చాలు.

కాబట్టి రైల్వేను అడగాల్సిన మొదటి పని అక్కడ నీళ్లు పోయే కాలువ, తోడే మోటారు, దారి మీద కప్పు. కప్పు వల్ల లోపలికి చేరే వాన నీరు తగ్గుతుంది. నేల సిమెంటు నున్నగా ఉంటే గిట్టలు జారతాయి, గాడులు కొట్టించమనండి. లోపల రెండు దీపాలు ఉండాలి. ఎండలో నుంచి చీకటిలోకి అడుగు పెట్టడానికి పశువు వెనుకాడుతుంది, నేల మీద మెరిసే మడుగు ఉంటే అక్కడే ఆగిపోతుంది. నిజానికి ఆవు నీళ్లు చూసి ఆగుతుంది, గేదె నీళ్లు చూసి కూర్చుంటుంది! అలవాటు చేయడానికి మందలో పెద్ద ఆవునో, ముందు నడిచే గేదెనో పలుపు పట్టి నడిపించండి. అవతల గట్టున గుప్పెడు తవుడు పెట్టండి. నాలుగు రోజులు ఓపిక పడితే మిగతావి దాని వెనకే వస్తాయి.

మీ చేతిలో ఉన్నది సరిహద్దు రాళ్లకు ఇవతల పంచాయతీ స్థలం. ఊరి నుంచి అండర్ బ్రిడ్జి దాకా పట్టాలకు సమాంతరంగా ఒక పశువుల బాట ఏర్పాటు చేయండి. దానికి పట్టాల వైపు అడ్డు కావాలి. అటవీ శాఖ తోటలను కాపాడటానికి తవ్వే కందకం లాంటిది, పైన నాలుగైదు అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు ఉంటే గేదె దిగదు. తవ్విన మట్టిని పట్టాల వైపు గట్టుగా పోయండి, ఎత్తు కలిసివస్తుంది. అయితే రైలు కట్టకు దగ్గరగా తవ్వితే కట్ట జారుతుంది, నీరు కూడా దాని పాదంలోకి చేరుతుంది. సెక్షన్ ఇంజనీరును అడిగి, ఆయన చూపిన దూరంలోనే తవ్వండి. గట్టు మీద కిత్తనార నాటండి. పాత రైలు మార్గాల పక్కన ఆ మట్టలు ఇప్పటికీ వరుసగా కనిపిస్తాయి. పశువులను ఆపడానికే వాటిని అప్పట్లో నాటారు. నీళ్లు అడగదు, మేక కూడా దాని జోలికి పోదు. కాకపోతే రెండు మూడేళ్లు ఆగాలి. ఆలోగా ముళ్లకంప వేయండి.

తీగ కంచె వేద్దామనుకుంటే ఒక జాగ్రత్త ఉంది. పట్టాల పైన తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. దానికి సమాంతరంగా నేల మీద పొడవైన ఇనుప తీగ లాగితే, తాకకపోయినా అందులో కరెంటు పుడుతుంది. రైల్వే తన కంచెలను ముక్కలుగా విడదీసి భూమికి కలుపుతుంది. మీరు వేసే తీగకు కూడా అలా చేయించాల్సిందే, లేదంటే తీగ మాట మరిచిపోండి. పందుల కోసం చేలల్లో కరెంటు పెట్టినట్లు ఇక్కడ కూడా పెడదామని ఎవరైనా అంటే, వారిని ఆ పనికి దూరంగా ఉంచండి. అలాంటి తీగలకు మన దగ్గర ఎంతమంది రైతులు బలయ్యారో మీకు తెలియనిది కాదు.

మీరు అడిగిన పైపుల గ్రిడ్డుకు చోటు ఇక్కడ దొరుకుతుంది: ఊరి రోడ్డు ఈ పశువుల బాటను దాటి అండర్ బ్రిడ్జి వైపు తిరిగే మలుపులో. ట్రాక్టర్లు, ఆటోలు తిరిగే చోట గేటు పెడితే ఎవరూ వేయరు. గ్రిడ్డు అయితే ఎవరి దయ మీదా ఆధారపడదు. మనుషుల నడకదారులకు మాత్రం వేరే ఉపాయం ఉంది. నడుము ఎత్తున రెండు రాతి స్తంభాలను కింద తొమ్మిది పది అంగుళాల సందుతో, పైన కాస్త వెడల్పుగా వాలేట్లు పాతండి. మనిషి కాళ్లు దూరతాయి, గేదె కడుపు దూరదు. తలమీద మోపు స్తంభాల పైనుంచి పోతుంది కాబట్టి తగలదు. సైకిలు పోవాలంటే రెండడుగుల వెడల్పుతో మెలిక తిరిగే పైపుల దారి పెట్టండి. మనిషి మెలిక తిరుగుతాడు, అంత పొడవు దేహంతో గేదె తిరగలేదు. లెవెల్ క్రాసింగుల పక్కన పాదచారుల చిన్న గేట్లను పశువులు దూరలేనట్లు కట్టడం రైల్వేకు తెలిసిన పనే, అండర్ బ్రిడ్జి మెట్ల దగ్గర అలాంటిది కట్టమని అడగవచ్చు.

మేకలకు, గొర్రెలకు, చిన్న దూడలకు పైన చెప్పినవేవీ ఆనవు. మేక పైపు మీద కూడా నడిచేస్తుంది. వాటికి కింది మూడడుగులు జాలీ ఉన్న కంచె, లేదా కళ్లు తెరిచి ఉన్న కాపరి. దూడలను వాటి తల్లులు తిరిగి వచ్చేదాకా కొట్టంలోనే ఉంచండి.

రైల్వే రెండు వైపులా కంచె బిగిస్తున్నప్పుడు ఇంకొక విషయం గట్టిగా అడగండి. ఎంత బిగించినా ఏదో ఒక పశువు లోపలికి పోతుంది. పోయాక బయటికి దారి లేకపోతే పట్టాల మధ్య రైలు ముందే పరుగెత్తుతుంది. అందుకని కొంత కొంత దూరంలో లోపలి నుంచి బయటికి మాత్రమే తెరుచుకునే గేటు ఉండాలి, లేదా లోపలి వైపు మట్టి ఏటవాలుగా పోసి, బయటి వైపు నిట్టనిలువు గోడ ఉండేట్లు చేయాలి. పశువు ఎక్కి బయటికి దూకగలదు, బయటి నుంచి ఎక్కలేదు. ముంబయి–అహ్మదాబాద్ మార్గంలో వందే భారత్ పశువులను గుద్దిన ప్రమాదాల తరువాత పశ్చిమ రైల్వే దాదాపు 622 కిలోమీటర్ల పొడవున, రహదారుల పక్కన కనిపించే లాంటి ఇనుప పట్టీల కంచె వేసింది. అది గేదెను ఆపుతుంది, మేక కిందనుంచి దూరుతుంది. ఏ కంచె కావాలని అడిగే ముందు మీ ఊళ్లో మేకలు ఎన్ని, గేదెలు ఎన్ని అన్నది లెక్క వేసుకోండి.

ఖర్చులో తక్కువ, ఫలితంలో ఎక్కువ అనదగ్గ పని ఒకటుంది: పడమర వైపే నీళ్లు పెట్టడం. ఉపాధి హామీ పనుల కింద చాలా ఊళ్లలో పశువుల తొట్లు కట్టారు, మీ పంచాయతీలో ఉన్నాయో లేదో చూడండి. ఆవుకు తొట్టి చాలు. గేదెకు పొర్లడానికి మడుగు కావాలి, తొట్టిలో నీళ్లు తాగి మళ్లీ చెరువు వైపే చూస్తుంది. ఇవతల ఒక కుంట పూడిక తీయించగలిగితే మధ్యాహ్నం వేళ దాటే మందలు చాలా వరకు ఆగుతాయి. రైలు కట్ట పక్కన మట్టి తీసిన గుంటల్లో వానకు నీరు నిలిచి గడ్డి మొలుస్తుంది, పశువులు అక్కడికి దాని కోసమే పోతాయి. ఆ గడ్డిని మీరు కోసుకోవడానికి వీలుందేమో రైల్వేను అడిగి, ఒప్పుకుంటే కోసి ఇంటికే తెచ్చి వేయండి.

పశువు పట్టాల మీద కనిపిస్తే దాన్ని తోలడానికి ఎవరూ ఎక్కకూడదు. పిల్లలకు ఈ మాట రోజూ చెప్పండి. వెంటనే 139కి ఫోను చేయండి, దగ్గరలో గేట్‌మన్ గానీ, పట్టాల వెంట తిరిగే కీమన్ గానీ ఉంటే కేకేయండి. ఎక్కడ అని అడిగితే ఊరి పేరు చెబితే సరిపోదు. కరెంటు తీగలను మోసే ఇనుప స్తంభాల మీద అంకెలు ఉంటాయి. పైది కిలోమీటరు, కిందిది ఆ కిలోమీటరులో స్తంభం వరుస. ఆ రెండు అంకెలు చెబితే ఎక్కడో రైల్వే వారికి వెంటనే తెలుస్తుంది. మీ ఊరి పొలిమేరలో ఉన్న స్తంభాల అంకెలను రాసి పాల కేంద్రం గోడ మీద అంటించండి.

రైల్వేకు రాసే అర్జీలో కూడా ఇవే అంకెలు వాడండి. పంచాయతీ తీర్మానం జతచేసి, దగ్గరి పెద్ద స్టేషనులోని పర్మనెంట్ వే (పట్టాల నిర్వహణ) సీనియర్ సెక్షన్ ఇంజనీరుకు ఒకటి, డివిజనల్ రైల్వే మేనేజరుకు ఒకటి ఇవ్వండి. తెగిన కంచె ఏ స్తంభాల మధ్య ఉంది, అండర్ బ్రిడ్జిలో ఏ నెలల్లో ఎంత లోతు నీరు నిలుస్తుంది, పశువులు చనిపోయిన తేదీలు ఏవి, ఇవన్నీ ఫొటోలతో పెట్టండి. కంచెను ఇకమీదట తెంచబోమని ఊరి తరఫున రాసిచ్చే ఒక్క వాక్యం ఆ అర్జీకి బలం. అది లేకపోతే ఆ ఇంజనీరు మీ కాగితం చూసి నవ్వుకుంటాడు. అందినట్లు ముద్ర, తేదీ వేయించుకున్న నకలు ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి.